పది రూపాయల మేనమామ

ఆ శుక్రవారం ఉదయానికి దుర్గాశ్రీనివాస్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు బందరులో బస్సెక్కాలి. తొమ్మిదిన్నరకల్లా మోపిదేవిలో దిగాలి. పదకొండు గంటల ముహూర్తానికి చెల్లెలి కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టించాలి. ఆ తర్వాత కడుపునిండా భోంచేయాలి. ఇందులో తేడా రావడానికి చోటే లేదని ఎవరైనా అనుకుంటారు. దుర్గాశ్రీనివాస్‌కు తేడా రావడానికి అంత చోటు అక్కర్లేదు, ఒక్క పది రూపాయలు చాలు.

అతను కోర్టులో నకళ్ళు రాసిచ్చే విభాగంలో ఉద్యోగి. జిరాక్సు మిషన్లు వచ్చి చేతిరాతకు పని తగ్గినా, అతని గుండ్రటి అక్షరాలకు బందరులో ఇంకా పేరుంది. ప్రతి నకలు అడుగున 'వ్రాత చార్జి ఇంత, ముట్టినది' అని రాసి సంతకం పెట్టడం అతనికి ఇరవయ్యేళ్ళ అలవాటు. ఏ పైసా ఎందుకు తీసుకున్నారో కాగితం మీద ఉండాలన్నది అతని సిద్ధాంతం. ఆఫీసులో ఈ సిద్ధాంతం వల్ల ఎవరికీ బాధ లేదు. బాధంతా ఆఫీసు వదిలాకే.

పాల ప్యాకెట్టుకు కూలింగ్ చార్జి అర్ధరూపాయి అడిగినవాడి మీద, గ్యాస్ బండ మెట్లెక్కించినందుకు ముప్పై అడిగినవాడి మీద, సినిమా హాలు సైకిల్ స్టాండువాడి మీద అతను ఫిర్యాదులు రాశాడు. పదకొండేళ్ళ పోరాటంలో గెలుచుకున్నది నలభై ఆరు రూపాయలు. పోస్టేజీ ఎంతయిందో భార్య సరళ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఓడిపోయినవాటిలో ఒక్కటి మాత్రం ఇంకా సలుపుతూనే ఉంది. నాలుగేళ్ళ క్రితం చెల్లెలు అన్నపూర్ణ పెద్దకూతురికి చెవులు కుట్టించిన రోజున, అతను దారిలో దిగి టిఫిన్ పార్సిల్ కట్టించుకున్నాడు. హోటలువాడు చట్నీ కవరుకు విడిగా మూడు రూపాయలు వేశాడు. ఆ మూడు రూపాయల మీద గంటంబావు చర్చ జరిగింది. అక్కడ మోపిదేవిలో ముహూర్తం దాటిపోతుంటే, మేనమామ జాడ లేక, పిల్లను వీడియో తీసేవాడి ఒళ్ళో కూర్చోబెట్టి తతంగం కానిచ్చారు. అందుకే ఆ వేడుకకు వీడియో కూడా లేదు.

అన్నపూర్ణ అప్పుడు ఏడ్చి ఊరుకుంది. ఈసారి చిన్నదాని వంతు వచ్చినప్పుడు ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది. "అన్నయ్యా, ఈసారి కూడా నువ్వు రాకపోతే నా పిల్లలకి మేనమామ లేడనుకుంటా. మళ్ళీ ఏడ్చే ఓపిక నాకు లేదు."

ఆ మాట దుర్గాశ్రీనివాస్‌కు గుచ్చుకుంది. తల్లి పోయాక ఆ పిల్లకు రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి బడికి పంపింది అతనే. మేనమామ హోదాలో బంగారు పోగులు కొనడానికి వెళ్ళినప్పుడు, తన జీవితంలో మొదటిసారి తరుగు ఎంత, మజూరీ ఎంత అని అడక్కుండా డబ్బు కట్టేశాడు. ఆ రెండు నిమిషాలు కళ్ళు గట్టిగా మూసుకున్నాడని సరళ తర్వాత ఆడపడుచు ఇంట్లో అందరికీ చెప్పింది.

సరళ ముందురోజే మోపిదేవి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి అంది: "రేపు ఒక్కరోజు ఎవరు ఎంతడిగితే అంతిచ్చేసి రండి. మీకు దణ్ణం పెడతా."

"నేనేదో ఊరందరితో గొడవ పెట్టుకునేవాడిలా మాట్లాడతావేంటి?" అని దుర్గాశ్రీనివాస్ నిజంగానే నొచ్చుకున్నాడు.

మర్నాడు ఎనిమిదింటికల్లా పోగుల ఎర్రడబ్బా చొక్కా జేబులో పెట్టుకుని బస్సుల దగ్గరికి వచ్చాడు. ఆ రూటులో 'తీరవాహిని' అని ఒక ప్రైవేటు కంపెనీ ఈమధ్యే ఎక్స్‌ప్రెస్ బస్సులు వేసింది. వాటిలో డబ్బులు తీసుకోరు, కంపెనీ ఇచ్చిన కార్డు గీకాల్సిందే. చిల్లర గొడవలు లేకుండా ఉండటానికే ఈ ఏర్పాటని బస్సు వెనకాల పెద్దక్షరాలతో రాసుంటుంది. కార్డులో డబ్బు వేసే కంపెనీ కౌంటరు పదింటికి తెరుస్తారు. మొదటి బస్సు ఆరింటికి బయలుదేరుతుంది. ఈ నాలుగు గంటల తేడాలో బతకడానికి దేవుడు శ్యాంబాబును పుట్టించాడు.

శ్యాంబాబుది బస్సులు ఆగేచోట చిన్న దుకాణం. పేరు షాలోము జిరాక్స్. అతను కార్డులు రీఛార్జి చేస్తాడు, భార్య మేరీ పక్కన జిరాక్సులు తీస్తుంది. ఆ ఉదయం వరుసలో పదిమంది దాకా ఉన్నారు. దుర్గాశ్రీనివాస్ వంతు వచ్చింది.

"రెండొందలు వెయ్యండి," అని కార్డూ నోట్లూ ఇచ్చాడు.

"ఇంకో పదివ్వండి సార్."

"పది దేనికి?"

"సర్వీస్ చార్జండీ."

"ఏం సర్వీస్ చేశారు?"

"ఇంకా చెయ్యలేదండీ. పదిస్తే చేస్తా."

వెనక ఎవరో నవ్వారు. దుర్గాశ్రీనివాస్ వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకు తిరిగి, కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడం చూసినవాళ్ళెవరైనా ఆఫీసులో అయితే వెంటనే టీకి వెళ్ళిపోతారు.

"రీఛార్జికి ఎలాంటి అదనపు రుసుమూ లేదని మీ కంపెనీ బస్సు మీద రాసుంది. చదివారా?"

"బస్సు మీద ఏమైనా రాస్తారండీ. వందకి నాకు అర్ధరూపాయి ఇస్తారు. షాపు అద్దె, కరెంటు, ఆ మెషీను అద్దె ఎవరిస్తారు?"

"అయితే ఆ ముక్కే బోర్డు రాసి పెట్టండి. సర్వీస్ చార్జి పది రూపాయలు అని అందరికీ కనపడేట్టు రాసి పెట్టండి, నోరెత్తకుండా ఇచ్చేస్తాను. రాయకుండా తీసుకోవడం మాత్రం తప్పు."

"నా రాత బాగోదండీ," అన్నాడు శ్యాంబాబు నిజాయితీగా.

దుర్గాశ్రీనివాస్ వెనకాల రాజమ్మ నిలబడి ఉంది. చల్లపల్లిలో కూతురింటికి బందరు లడ్డూల సంచితో బయలుదేరిన పెద్దావిడ. "బాబూ, ఆ పది నేనిస్తాలే. ఓ పాలి పక్కకి జరుగు, బస్సొచ్చేస్తంది," అంది.

ఈ మాటతో అంతా అయిపోవలసింది. కానీ దానధర్మం తీసుకుని సిద్ధాంతాన్ని అమ్ముకునే మనిషి కాదతను. "ఇది పది రూపాయల సమస్య కాదమ్మా, మీ అందరి సమస్య," అన్నాడు. అప్పటిదాకా వాళ్ళకు సమస్యేమీ లేదు. సమస్య వాళ్ళకు రావడానికి ఇంకా పావుగంట ఉంది.

అతని సంచిలో తెల్లకాగితాలు ఎప్పుడూ ఉంటాయి. కౌంటరు మీదే ఒక కాగితం పరిచి ఫిర్యాదు మొదలుపెట్టాడు. పైకి చదువుకుంటూ తన పేరు, దుకాణం పేరు, బోర్డు మీదున్న ఫోన్ నంబరు, రీఛార్జి మెషీను నంబరు అన్నీ గుండ్రంగా ఎక్కించాడు. పైనున్న ఫ్యాను కాగితాన్ని ఎగరగొడుతుంటే, జేబులోంచి ఎర్రడబ్బా తీసి దానిమీద బరువు పెట్టాడు.

"ఏంటండీ అది?" అని మేరీ అడిగింది.

"మా మేనకోడలికి పోగులు. మోపిదేవిలో పదకొండింటికి చెవులు కుట్టిస్తున్నాం. మేనమామను నేనే," అని గర్వంగా చెప్పి, "పదకొండు దాటితే మా చెల్లెలు నా మొహం చూడదు," అని కూడా చెప్పి, తర్వాతి పేరా మొదలుపెట్టాడు.

రాసింది ఫోటో తీసి కంపెనీకి పంపి, గుడివాడలో ఉన్న వాళ్ళ ఆఫీసుకు ఫోన్ చేశాడు. అనూష అనే అమ్మాయి ఎత్తింది. మాట మాత్రం తేనెలో ముంచినట్టుంది. "మీ ఫిర్యాదు నమోదు చేశామండీ. విచారణ పూర్తయ్యేవరకూ మీ కార్డు ఆపేస్తున్నామండీ."

"నా కార్డా? నేను కదమ్మా ఫిర్యాదు చేసింది?"

"అవునండీ. ఫిర్యాదులో రెండు పక్షాలుంటాయి కదండీ. ఆ దుకాణం మెషీను కూడా ఆపేశామండీ. మీ సమస్య మాకు ముఖ్యమండీ."

కౌంటరు మీదున్న మెషీను ఒక్కసారి కూసి, ఎర్రలైటు వెలిగించి, నిద్రపోయింది. అదే క్షణాన ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగింది. వరుసలో ఉన్నవాళ్ళలో ఒక్కరి కార్డులోనూ డబ్బు లేదు. కండక్టరు నోట్లు ముట్టుకోనన్నాడు. రెండు నిమిషాలు ఆగి, ఖాళీ సీట్లు వేసుకుని ఎక్స్‌ప్రెస్ చల్లగా వెళ్ళిపోయింది.

మచిలీపట్నంలో వినియోగదారుల చైతన్యం ఎంత ఉందో దుర్గాశ్రీనివాస్‌కు అప్పుడే తెలిసింది. అందరూ ఒక్కసారిగా చైతన్యవంతులయ్యారు. "నీ పది రూపాయలు పాడుగాను, నా పరీక్ష పోయింది!" అని ఒక కుర్రాడు, "ఉద్యోగం నువ్విప్పిస్తావా?" అని ఒక లెక్చరరు మీదికొచ్చారు. రాజమ్మ లడ్డూల సంచిని ఆయుధంలా పట్టుకుంది. శ్యాంబాబు ఒక్కడే అరవలేదు. ఆగిపోయిన మెషీను మీద చెయ్యేసి, "మీకు పది రూపాయలే సార్. నాకు ఇయ్యాళ పూట పోయింది," అన్నాడు.

ఆ మాటకు దుర్గాశ్రీనివాస్ తన కాగితం మీద జవాబు వెతికాడు. ఫిర్యాదుల్లో జవాబు వెతుక్కునే అవసరం ఎప్పుడూ ఎదుటివాడికే కదా. అంతలో ఎవరో "అవనిగడ్డ ఆర్డినరీ!" అని కేకేశారు. ఊరూరా ఆగినా డబ్బులు తీసుకునే బస్సు. జనమంతా అటు పరుగెత్తారు. దుర్గాశ్రీనివాస్ కౌంటరు మీది కాగితాన్ని విసురుగా లాక్కుని పరుగెత్తాడు. కాగితం వచ్చింది. దానిమీదున్న డబ్బా జారి జిరాక్స్ మిషను వెనక్కి వెళ్ళింది. కాగితం మాత్రం నలగలేదు.

ఆర్డినరీ బస్సు ప్రతి చెట్టునూ పలకరిస్తూ చల్లపల్లి చేరేసరికి పదింబావు అయింది. రాజమ్మ అతని పక్కనే కూర్చుంది. దారిలో కోపం చల్లారి, తప్పు చేసిన పిల్లవాడికి పెట్టినట్టు ఒక లడ్డూ కూడా పెట్టింది. దిగబోతూ అడిగింది: "మేనకోడలికేం తీసుకెళ్తన్నావు బాబూ?"

"పోగులమ్మా," అని దుర్గాశ్రీనివాస్ జేబు తట్టుకున్నాడు. జేబు మెత్తగా ఉంది. మళ్ళీ తట్టాడు. ఈసారి సంచి దులిపాడు. సంచిలో పందొమ్మిది తెల్లకాగితాలు, రాసిన ఫిర్యాదు ఒకటి ఉన్నాయి.

రాజమ్మ వెనకే బస్సు దిగేశాడు. ఫిర్యాదు కాగితంలో శ్యాంబాబు నంబరుంది. చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. అప్పుడు తన ఆఫీసులో పనిచేసే నాగభూషణరావుకు ఫోన్ చేసి, ఒకసారి ఆ దుకాణానికి వెళ్ళి చూడమన్నాడు. ఆయన ఇల్లు దగ్గరే. పది నిమిషాల్లో సమాచారం వచ్చింది.

"షట్టరు వేసుందయ్యా. పక్క టీకొట్టువాణ్ణి అడిగా. అరగంట క్రితం హడావిడిగా బండేసుకుని వెళ్ళిపోయాట్ట."

"ఎటు?"

"అదే చెప్పలేకపోతున్నాడు. చేతిలో ఏదో ఎర్రడబ్బా మాత్రం ఉందిట."

ఇంకేముంది? లెక్క సరిపోయింది. పది రూపాయలు అదనంగా అడిగేవాడు పోగులు వదులుతాడా? దొంగతనం ఎప్పుడూ పది రూపాయలతోనే మొదలవుతుందని దుర్గాశ్రీనివాస్ ఎంతకాలంగా మొత్తుకుంటున్నాడు! ఇంత బాధలోనూ తన సిద్ధాంతం గెలిచినందుకు ఎక్కడో చిన్న సంతృప్తి కలిగింది. మోపిదేవి అక్కడికి కూతవేటు దూరం. ఉత్త చేతులతో అయినా వెళ్ళి చెల్లెలి ముందు నిలబడవలసిన మనిషి, నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాడు.

హెడ్ కానిస్టేబుల్ మత్తయి నెమ్మదైన మనిషి. కూర్చోమని కుర్చీ చూపించి, కంప్లైంటు రాసివ్వమన్నాడు. ఆ మాట ఎవరితో అంటున్నాడో పాపం ఆయనకు తెలియదు. దుర్గాశ్రీనివాస్ మూడు పేజీలు రాశాడు. మత్తయి మొదటినుంచి, వేలు పెట్టి, ఒక్కో వాక్యం చదివాడు.

"పది రూపాయలు ఎక్కువ అడిగాడు. మీరిచ్చారా?"

"ఇవ్వలేదు."

"మరి నష్టమేంటండీ?"

"బంగారు పోగులండీ!"

"అదెక్కడుంది?"

"మూడో పేజీలో."

మత్తయి రెండో పేజీ తిప్పాడు. అందులో రీఛార్జి నిబంధనలున్నాయి. గోడ గడియారం పదకొండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తుంటే దుర్గాశ్రీనివాస్ ఫోన్ మోగింది. సరళ.

"ఎక్కడున్నారండీ? ఇక్కడ ఆచారిగారు తొందరపెడుతున్నారు!"

"సరళా, పోగులు పోయాయే. చెల్లికెలా చెప్పను?"

"పోవడమేంటి? మీ తమ్ముడుగారు తెచ్చేశారుగా!"

"నాకు తమ్ముడెవరే?"

"ఏమో, వరసకి తమ్ముడేమో అనుకున్నా. ఎర్రడబ్బా పట్టుకుని, చెమటలు కక్కుకుంటూ వచ్చి, 'దుర్గాశ్రీనివాస్ గారి చెల్లెలెవరండీ' అని గుడంతా తిరిగాడు. పేరు శ్యాంబాబట. మీరు రాకపోతే ఆయన ఒళ్ళోనే కూర్చోబెట్టేట్టున్నారు, త్వరగా రండి!"

ఫోన్ స్పీకరులో లేకపోయినా సరళ గొంతు అలాంటిది. హెడ్ కానిస్టేబుల్ మత్తయి మొత్తం విని, మూడు పేజీలూ జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చేశాడు.

"దొంగ మీ తమ్ముడా? ముందే చెప్పాల్సిందండీ. ఫ్యామిలీ మేటర్లలోకి మమ్మల్ని లాగకండి."

బయట ఆటో ఉంది. "మోపిదేవి ఎంత?" అని అడిగాడు. ఆటో అతను మనిషి కంగారు చూసి, వందకు వచ్చే దూరానికి "రెండొందలు," అన్నాడు. దుర్గాశ్రీనివాస్ నోరు తెరిచాడు. వంద దేనికి, మిగతా వంద దేనికి అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. చెల్లెలి రెండు జడలు కళ్ళముందు కదిలాయి. నోరు మూసుకుని ఎక్కి కూర్చున్నాడు. సిద్ధాంతం ఆటో వెనకాల కొంతదూరం పరుగెత్తి ఆగిపోయింది.

అసలు జరిగింది ఇది. బందరులో ఆర్డినరీ బస్సు వెళ్ళిపోయిన గంటకు మేరీ చీపురు పెడుతుంటే జిరాక్స్ మిషను వెనక డబ్బా దొరికింది. శ్యాంబాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పదకొండింటికి మోపిదేవి అన్నాడు కదా. ఆయన మీద నాకు కోపమేగానీ పిల్ల చెవుల మీద నాకేం కోపం?" అన్నాడు. మెషీను ఎలాగూ ఆగిపోయింది, కొట్లో పనీ లేదు. మేరీని ఇంటికి పొమ్మని, షట్టరు దించి, బండి తీశాడు. ఫోన్ ప్యాంటు జేబులో మోగుతూనే ఉంది. బండి మీద ఉన్నప్పుడు ఫోన్ ఎత్తకూడదన్నది ఆయన సిద్ధాంతం. ఒక్కొక్కరికీ ఒక్కో సిద్ధాంతం ఉంటుంది.

గుడి దగ్గర చెవులు కుట్టే ఆచారి, సూది పట్టుకుని, ముహూర్తం చూసుకుని, "పోగులెక్కడ? మేనమామెక్కడ?" అని పదోసారి అడుగుతున్న సమయానికి శ్యాంబాబు డబ్బాతో ప్రవేశించాడు.

"హమ్మయ్య! కూర్చో బాబూ," అని ఆచారి రెక్క పట్టుకుని పీట మీద కూలేశాడు.

"నేను మేనమామను కాదండీ. రీఛార్జి షాపండీ. పైగా నేను చర్చికెళ్ళేవాణ్ణి."

"చెవి కుట్టేటప్పుడు పిల్ల కదలకుండా పట్టుకోవడం వచ్చా, రాదా?"

"వచ్చండీ, ఇద్దరు పిల్లలు."

"మరింకేం?"

అన్నపూర్ణ దారి వైపు చూసింది. దారి ఖాళీగా ఉంది. నాలుగేళ్ళ క్రితం కూడా ఇలాగే చూసింది. ఈసారి ఏడవలేదు. పిల్లను తీసుకొచ్చి శ్యాంబాబు ఒళ్ళో పెట్టి, "కానివ్వండి అన్నయ్యా. సమయానికి వచ్చినవాడే మేనమామ," అంది. ఆడపిల్ల కదా, ముందు ఎడమ చెవి. సూది దిగింది, పోగు పడింది, పిల్ల ఊరంతా వినపడేట్టు కేక పెట్టింది. ఆ కేక వినే దుర్గాశ్రీనివాస్ ఆటో ఆగకముందే దూకాడు.

జనాన్ని తోసుకుని లోపలికి వచ్చి నిలబడిపోయాడు. తను కూర్చోవలసిన పీట మీద శ్యాంబాబు కూర్చుని ఉన్నాడు. పిల్ల ఆయన చొక్కా పట్టుకుని ఏడుస్తోంది. బావగారు రాజీవ్ వీడియో తీస్తున్నాడు. ఈసారి ముందుజాగ్రత్తగా తీసేవాణ్ణి పిలవలేదు.

"ఒక చెవి అయిపోయిందన్నయ్యా," అంది అన్నపూర్ణ. కోపంగా అనలేదు. ఎవరో దూరపు చుట్టానికి చెప్పినట్టు చెప్పింది. దుర్గాశ్రీనివాస్‌కు అదే భరించరానిదయింది. తిడితే బాగుండేది. పదకొండేళ్ళుగా ప్రతివాడి దగ్గరా న్యాయం అడిగిన మనిషి, చెల్లెలి ముందు ఏమడగాలో తెలియక చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఇంకో చెవి ఉందిగా సార్," అన్నాడు శ్యాంబాబు, పక్కకు జరిగి. "కూర్చోండి. ముహూర్తం ఇంకా పది నిమిషాలుందట."

దుర్గాశ్రీనివాస్ కూర్చున్నాడు. పిల్ల మాత్రం కొత్త మేనమామను వదిలి పాత మేనమామ దగ్గరికి రానంది. చివరికి శ్యాంబాబు ఎదురుగా గొంతుక్కూర్చుని బండి తాళాలు గలగలలాడించాడు. పిల్ల అటు చూస్తుండగా, దుర్గాశ్రీనివాస్ ఒళ్ళో కుడి చెవి పూర్తయింది. పోగు పడగానే పిల్ల అతని కళ్ళజోడు లాగి నేలకేసి కొట్టింది. అతను అద్దం పగిలిందో లేదో కూడా చూసుకోకుండా పిల్లను గుండెకు హత్తుకుని ఏడ్చేశాడు. పిల్ల కంటే గట్టిగానే ఏడ్చాడని సరళ చెప్పింది.

అన్నపూర్ణ కొంగుతో అతని మొహం తుడిచింది. "సగం మేనమామవి. ఏం లేనిదానికంటే నయం," అంది. కొంచెం నవ్వింది కూడా. మేనమామకు పెట్టడానికి తెచ్చిన బట్టలు ఒక్క జతే ఉన్నాయి. రాజీవ్ న్యాయంగా ఆలోచించి పంచె దుర్గాశ్రీనివాస్‌కు, కండువా శ్యాంబాబుకు ఇచ్చాడు.

భోజనాలయ్యాక దుర్గాశ్రీనివాస్ జేబులోంచి డబ్బు తీసి, తలొంచుకుని, "పెట్రోలుకెంతయింది?" అన్నాడు.

"చెల్లెలి ఇంట్లో భోంచేసి పెట్రోలు డబ్బులు తీసుకుంటారా ఎవరన్నా?" అన్నాడు శ్యాంబాబు. "ఎక్కండి అన్నయ్యా, బందరే కదా."

అన్నయ్య ఎక్కాడు. శ్యాంబాబు కండువా గాలికి మొహానికి తగులుతుంటే చల్లపల్లి దాటేవరకూ దాన్ని పక్కకు తోసుకుంటూ కూర్చున్నాడు. దాటాక బండి ఆపించి గుడివాడకు ఫోన్ చేశాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాడు.

"సంతోషమండీ," అంది అనూష. "ఉపసంహరణ రుసుము పది రూపాయలవుతుందండీ."

"అది ఎక్కడ రాసుందమ్మా?"

"మా నిబంధనల మూడో పేజీలో ఉందండీ."

మూడో పేజీ అనగానే దుర్గాశ్రీనివాస్‌కు మత్తయి గుర్తొచ్చాడు. మారుమాట్లాడకుండా పది రూపాయలు కట్టేశాడు. బందరు చేరేసరికి మెషీను పచ్చలైటుతో లేచి కూర్చుంది.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. సోమవారం ఉదయం దుర్గాశ్రీనివాస్ కార్డు రీఛార్జి చేయించుకుంటే, శ్యాంబాబు సరిగ్గా రెండొందలే తీసుకున్నాడు. వెనక నిలబడ్డ కుర్రాడు, పరీక్ష పోయినవాడు, ఊరుకోలేదు.

"ఆయన దగ్గర పది తీసుకోలేదేంటి?"

"మా అన్నయ్యండీ," అన్నాడు శ్యాంబాబు.

మంగళవారానికి ఆ వరుసలో శ్యాంబాబుకు అన్నయ్య కానివాడు, బావ కానివాడు లేడు. రాజమ్మ చల్లపల్లి నుంచి తిరిగొచ్చి, తను పిన్ని వరసవుతానని తేల్చింది. లెక్చరరుగారు మావయ్యనన్నాడు. గురువారం సాయంత్రం శ్యాంబాబు ఒక అట్టముక్క, మార్కరు పెన్ను పట్టుకుని దుర్గాశ్రీనివాస్ ఇంటికి వచ్చాడు. ఇద్దరూ టీ తాగుతూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

శుక్రవారం ఉదయానికి షాలోము జిరాక్స్ ముందు బోర్డు వేలాడింది. 'రీఛార్జికి సర్వీస్ చార్జి పది రూపాయలు. బంధువులకు కూడా.' అక్షరాలు కోర్టు నకలులా గుండ్రంగా ఉన్నాయి, అడుగున మూలగా ఇంకో చిన్న వాక్యం కూడా ఉంది: 'వ్రాత చార్జి పది రూపాయలు, ముట్టినది.'